కోసి బిగించుకునే రబ్బరు వాచీ బెల్టా, చిల్లుల బెల్టా?

నెల్లూరు ట్రంకు రోడ్డులోనో ఒంగోలు కర్నూలు రోడ్డులోనో వాచీల కొట్టుకు వెళ్ళి రబ్బరు బెల్టు కావాలని అడిగితే, కొట్టతను సాధారణంగా రెండు రకాలు తీసి అద్దాల బల్ల మీద పెడతాడు. ఒకటి మనం చిన్నప్పటి నుంచి ఎరిగినదే: ఒక ముక్కకు వరుసగా చిల్లులు, రెండో ముక్కకు ముల్లున్న బకిల్, మిగిలిన తోకను పట్టి ఉంచడానికి ఒకటో రెండో లూపులు. రెండోది చూపుకు నాజూకుగా ఉంటుంది. దానికి పైన చిల్లే ఉండదు. రెండు ముక్కల చివరలూ మడత పడే లోహపు లాకులోకి వెళ్ళి కలుస్తాయి. తిరగేసి చూస్తే మాత్రం లోపలి వైపు అడ్డంగా వరుస గాట్లు కనిపిస్తాయి. ఆ గాట్ల వెంట కోసి, మణికట్టుకు ఎంత కావాలో అంతే మిగుల్చుకోవాలి. ఈ రెంటిలో ఏది కొనాలన్నది అందానికి సంబంధించిన సంగతిగానే చాలామంది మాట్లాడతారు గాని, మన జిల్లాల్లో అది ముందు ఎండకు సంబంధించిన సంగతి, ఆ తరువాత చేసే పనికి సంబంధించిన సంగతి.

ఇది నేను నష్టపోయి తెలుసుకున్నాను. కొన్నేళ్ళ కిందట సంక్రాంతి సెలవుల్లో ఒక ఉదయం, చలికి వేళ్ళు కొంకర్లు పోతున్న వేళ, కొత్తగా తెచ్చిన బెల్టును ఉత్సాహం కొద్దీ రెండు వైపులా మూడేసి గాట్లు కోసి బిగించుకున్నాను. ఆ పూట అది అచ్చు పోసినట్టు అమరింది. అదే బెల్టు రోహిణీ కార్తెలో మధ్యాహ్నం మూడు గంటలకల్లా మణికట్టులోకి దిగబడిపోయేది. సాయంత్రం తీసి చూస్తే బెల్టు అంచులూ లాకు మూలలూ చర్మం మీద ఎర్రగా ముద్ర పడి ఉండేవి. కోసిన ముక్కలు చెత్తబుట్టలో పడి అప్పటికి నాలుగు నెలలు దాటింది. ఉన్నా లాభం లేదు, కోసిన రబ్బరు మళ్ళీ అతకదు గదా.

ఎండవేళ ఒంట్లోని వేడిని బయటికి పంపడానికి చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి, నీరు కొంత చుట్టుపక్కల కండలోకి చేరుతుంది, అందువల్ల వేళ్ళూ మణికట్టూ ఉబ్బుతాయి. చేతులు వేలాడేసి చాలా దూరం నడిచినా, ఉప్పు ఎక్కువ తిన్నా ఇదే జరుగుతుంది. చేపల పులుసుతో పాటు ఊరగాయ కూడా గట్టిగా కలుపుకొని తిన్న ఆదివారం మధ్యాహ్నం నా ఉంగరం వేలి నుంచి కదలనే కదలదు. మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి బెల్టు కింద చేరిన చెమట సులువుగా ఆరదు, బిగువుగా ఉన్న రబ్బరు కింద అది ఇంకా ఆరదు, దానితో దురద మొదలవుతుంది. చన్నీళ్ళ స్నానం చేసిన ఉదయానికీ, బండి మీద కావలి నుంచి నెల్లూరు వచ్చి దిగిన మధ్యాహ్నానికీ నా మణికట్టు చుట్టుకొలతలో అర సెంటీమీటరు దాకా తేడా వస్తుంది. బెల్టు ఎంపిక అంతా ఈ అర సెంటీమీటరు చుట్టూనే తిరుగుతుంది.

చిల్లుల బెల్టులో చిల్లుకూ చిల్లుకూ మధ్య మామూలుగా 6 లేదా 7 మిల్లీమీటర్ల దూరం ఉంటుంది. కోసే బెల్టుల్లో చాలావాటికి గాటుకూ గాటుకూ మధ్య నాలుగైదు మిల్లీమీటర్లు ఉంటుంది. అంకెలు చూస్తే కోసే బెల్టే సన్నగా సర్దుకుంటుందనిపిస్తుంది, అమ్మేవారు కూడా చేతికి కొలిచి కుట్టించినట్టుంటుందని అదే మాట చెబుతారు. అయితే చిల్లుల బెల్టు తన 6 మిల్లీమీటర్లను రోజుకు పదిసార్లు ముందుకూ వెనక్కూ జరుపుకోనిస్తుంది. కోసే బెల్టులో సర్దుబాటు జన్మకో శివరాత్రి, అదీ తగ్గించడానికే గాని పెంచడానికి కాదు. ఈ లోటును పూడ్చగలిగింది లాకు ఒక్కటే. కొన్ని లాకుల పక్క అంచున మూడు నాలుగు జతల సన్నని రంధ్రాలు ఉంటాయి; బెల్టు చివరను పట్టి ఉంచే స్ప్రింగు పిన్నును వాటిలో ఒక దాని నుంచి పక్కదానికి మారిస్తే రెండు మూడు మిల్లీమీటర్లు వదులో బిగువో అవుతుంది. ఖరీదైన కొన్నిటిలో అయితే బొత్తాము నొక్కి, వాచీ చేతికి ఉండగానే జరుపుకోవచ్చు. కనుక కోసే బెల్టు కొనేటప్పుడు రబ్బరు కంటే ముందు లాకును తిప్పి చూడండి. అంచున ఒకే ఒక్క రంధ్రం ఉన్న లాకు అయితే, మన ఎండల్లో దానిని నేను ఎవరికీ సలహా ఇవ్వను. నాకు దెబ్బ తగిలింది సరిగ్గా అటువంటి లాకుతోనే.

అలాగని కోసే బెల్టును తీసిపారేయడానికి వీల్లేదు. దానికి తోక ఉండదు కాబట్టి లూపులు ఉండవు, రబ్బరు బెల్టుల్లో తరచుగా ముందు తెగేది ఆ లూపే. ముల్లు రోజూ ఒకే చిల్లును లాగదు కాబట్టి చిల్లు సాగి చిరగడమనే జబ్బు కూడా ఉండదు. లాకు విప్పినా బెల్టు వలయంగానే ఉంటుంది గనుక వాచీ చేతి నుంచి జారి నేల మీద పడే ప్రమాదం తక్కువ. బస్సు దిగుతూ హడావుడిలో వాచీ పెట్టుకునేవారికి ఇది చిన్న లాభం కాదు. మణికట్టు సన్నగా ఉన్నవారికి చిల్లుల బెల్టు తోక చుట్టూ తిరిగి కేసు దాకా వచ్చి ఎబ్బెట్టుగా కనిపిస్తుంది, కోసే బెల్టులో ఆ బాధ లేదు. అయితే లాకు అనేది వంగని లోహపు రేకు. మణికట్టు ఆరంగుళాల లోపు ఉన్నవారికి ఆ రేకు చేతి వంపుకు కుదరక రెండు పక్కలా లేచి నిలబడుతుంది. అందుకని అటువంటివారు బెల్టు పొడవుతో పాటు లాకు పొడవు కూడా చూసుకోవాలి.

పని సంగతికి వస్తే, విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల మీద ఉండేవారు చిల్లుల బెల్టుకే ఓటు వేయాలని నా గట్టి అభిప్రాయం. చెరువు గట్టు మీద ఒక్క గంట కూర్చొని చూస్తే కారణం తెలుస్తుంది. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగినప్పుడల్లా చేతులు మోచేతి దాకా తడుస్తాయి, బురద అంటుతుంది. నీటికి గాలి అందించే ఏరియేటరు ఆగితే డీజిలు ఇంజను దగ్గరికి పరుగెత్తాలి. చెరువు సిద్ధం చేసే రోజుల్లో బ్లీచింగు పొడి చేతికి తగులుతుంది. మడత లాకులో రెండు మూడు కీళ్ళు ఉంటాయి, ఆ కీళ్ళలో ఉప్పునీటి బురద ఎండి ఇసుకలా గరగరలాడుతుంది, కొన్నాళ్ళకు బొత్తాము నొక్కినా లాకు విప్పుకోదు. బకిల్‌కు ఒక ముల్లు, ఒక పిన్ను మాత్రమే. చెంబెడు మంచినీళ్ళు పోస్తే కడిగినట్టే. పైగా చెరువు పనిలో వాచీని ఒకరి చేతి నుంచి ఒకరు తీసుకొని పెట్టుకోవడం మామూలే, మేత వేసే వేళ చూడటానికి అన్న వాచీ తమ్ముడి చేతికి వెళుతుంది. కోసిన బెల్టు ఒక్కరి మణికట్టుకే దాసోహం.

చీమకుర్తి గ్రానైటు క్వారీలూ పాలిషింగు యూనిట్లలో పనిచేసేవారికి నీటి సమస్య కంటే రాతి పొడి సమస్య ఎక్కువ. వారికి రెండు రకాల్లో ఏదైనా ఫరవాలేదు గాని మెత్తని సిలికాన్ రబ్బరు మాత్రం వద్దు, పొడి అంతా దానికే అంటుకుంటుంది. బ్యాంకులోనో బడిలోనో కలెక్టరేటులోనో కూర్చొని పనిచేసేవారు, ఒక్క వాచీని ఒక్కరే వాడుకునేవారు, మంచి లాకు దొరికితే కోసే బెల్టు నిశ్చింతగా తీసుకోవచ్చు. ఎదిగే పిల్లలకు కోసే బెల్టు కొనడమంటే ఏటేటా బెల్టు కొనడమే.

ఇక రబ్బరు అని మనం ఒక్క మాటతో పిలిచేది నిజానికి నాలుగైదు పదార్థాలు, కత్తి కింద అవన్నీ ఒకేలా ప్రవర్తించవు. సహజ రబ్బరు చెట్టు పాల నుంచి వచ్చేది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ దానిని గంధకంతో వేడి చేసి గట్టిపరచే పద్ధతి కనిపెట్టిన తరువాతే అది ఎండకు కరగకుండా, చలికి బిరుసెక్కకుండా నిలిచింది. 1980లో హ్యూబ్లో కంపెనీ బంగారు వాచీకి సహజ రబ్బరు బెల్టు వేసినప్పటి నుంచి రబ్బరుకు కాస్త పరువు కూడా వచ్చింది. ఇది చక్కగా తెగుతుంది, చేతికి హాయిగా ఉంటుంది, అయితే కొబ్బరినూనె, డీజిలు తగిలితే ఉబ్బుతుంది, ఏళ్ళ తరబడి ఎండలో ఉంటే వంపుల దగ్గర బీటలు వారుతుంది. సిలికాన్ చవక, మెత్తన, కాని ఎక్కడైనా చిన్న గంటు పడితే అక్కడి నుంచి చిరుగు సాగిపోతుంది. అందుకే కోసే బెల్టుకు అది నాసిరకం సరుకు అంటాను. పాలీయురెథేన్ కొత్తలో గట్టిగానే ఉంటుంది గాని, దానిలో కొన్ని రకాలు తేమను పీల్చి లోలోపల విడిపోయి, కొన్నేళ్ళకు పట్టుకుంటే పొడిపొడిగా రాలతాయి. ఎఫ్‌కేఎం అని రాసి అమ్మేది ఫ్లోరిన్ కలిసిన రబ్బరు. వేడికీ డీజిలుకూ క్లోరినుకూ బాగా తట్టుకుంటుంది, దుమ్ము తక్కువ అంటుతుంది, అంచు శుభ్రంగా తెగుతుంది. ధర ఎక్కువే. కోసేది అయినా చిల్లులది అయినా, చేతిలో డబ్బుంటే నేను దానికే పెడతాను.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. లోపలి వైపు గాట్లు లేని బెల్టును పొడవుగా ఉంది కదా అని కోయకూడదు. కొన్ని బెల్టుల లోపల గుడ్డ పొర ఉంటుంది, మరికొన్నిటిలో లోహపు రేకు ఉంటుంది. 2015లో రోలెక్స్ తెచ్చిన ఆయిస్టర్‌ఫ్లెక్స్ బెల్టు చూడటానికి రబ్బరులా ఉన్నా దాని నడుమ పలుచని లోహపు పట్టీ ఉంది. దానిని పొడవుల వారీగా ఎంచుకోవాలే గాని కోసుకోవడం కుదరదు. మరొక సంగతి: సాధారణంగా బెల్టు వాచీ దగ్గర, ఉదాహరణకు, 22 మిల్లీమీటర్లతో మొదలైతే లాకు దగ్గరికి 20కో 18కో సన్నబడుతుంది. కోసే బెల్టులో గాట్లు ఉన్న మేర మాత్రం వెడల్పు ఒకేలా ఉంటుంది, ఎక్కడ కోసినా లాకులో పట్టాలి కాబట్టి. వేరే లాకు కొని తగిలించదలచుకుంటే ఆ చివరి వెడల్పు కొలవండి, వాచీ దగ్గరి వెడల్పు కాదు.

కోసే బెల్టే తీసుకుందామని నిశ్చయించుకున్నాక, కోసే వేళను కూడా ఎంచుకోవాలి. పొద్దున్నే వద్దు. ఎండలో తిరిగి వచ్చిన సాయంత్రం, చేతులు కడుక్కోకముందే, కాగితపు ముక్క ఒకటి మణికట్టు చుట్టూ తిప్పి గుర్తు పెట్టి స్కేలు మీద కొలవండి. చలికాలంలో కొన్నవారు ఆ కొలతకు కొంత వదులు కలుపుకోవాలి, లేదా లాకు పిన్నును అన్నిటికంటే బిగువైన రంధ్రంలో పెట్టుకొని కోసుకోవాలి; అప్పుడు వేసవిలో వదులు చేయడానికి మిగతా రంధ్రాలు చేతిలో ఉంటాయి. ఈ ఒక్క కిటుకు నాకు ముందే తెలిసి ఉంటే ఒక బెల్టు డబ్బు మిగిలేది.

కోత రెండు వైపులా సమానంగా సాగాలి. ఎడమ చేతికి పెట్టుకున్న వాచీలో 6 అంకె వైపు ముక్క బొటనవేలి పక్క నుంచి, 12 అంకె వైపు ముక్క చిటికెనవేలి పక్క నుంచి కిందికి తిరుగుతాయి. ఒక్క 6 వైపే కోసుకుంటూ పోతే లాకు మణికట్టు కింద నడిమధ్యన నిలవక బొటనవేలి పక్కకు జరిగిపోతుంది. 12 వైపు ఒక గాటు కోసి, పిన్ను ఎక్కించి, లాకు మూసి, చేయి ఊపి చూసి, అప్పుడు 6 వైపు ఒక గాటు కోయాలి. లాకు మూశాక బెల్టు కింద చిటికెనవేలు కాస్త కష్టపడి దూరితే చాలు, ఇంకొక గాటు కోయాలన్న కోరికను ఆ రోజుకు చంపుకోవడం మంచిది. రెండు మూడు రోజులు పెట్టుకొని తిరిగాక కూడా వాచీ గిర్రున తిరుగుతుంటే, అప్పుడు మరొకటి.

కత్తెరా, బ్లేడా అంటే నేను బ్లేడు పక్షమే. కత్తెర రబ్బరును ముందు నొక్కి తరువాత కోస్తుంది, అందువల్ల పై పొర ఒక చోట, కింది పొర ఇంకొక చోట తెగి అంచు ఏటవాలుగా వస్తుంది. లాకులో పెట్టాక ఆ ఏటవాలు కనిపిస్తుంది. పెద్ద కట్టరులో కొత్త బ్లేడు వేసి, బెల్టును గాట్లు పైకి వచ్చేలా చెక్క మీద పరిచి, స్టీలు స్కేలు ఆనించి, గాటు నడిమధ్యలో నిలువుగా ఒక్క నొక్కుతో దించాలి. ముందుకూ వెనక్కూ రంపంలా లాగితే అంచు పీచులు పీచులుగా వస్తుంది. కొన్ని బెల్టుల్లో గాటుకూ గాటుకూ మధ్య పిన్ను దూరడానికి అడ్డంగా రంధ్రం ఉంటుంది, కొన్నిటిలో ఆ రంధ్రంలో సన్నని లోహపు గొట్టం కూడా ఉంటుంది; కోత రంధ్రం మీద పడితే ఆ ముక్క ఇక పనికిరాదు. ఇంట్లో కూరగాయలు కోసే కత్తిపీట దగ్గరికి మాత్రం దీనిని తీసుకుపోకండి. పిన్ను తీసేటప్పుడు కింద తువ్వాలు పరచుకోవడం మరచిపోవద్దు. ఆ స్ప్రింగు పిన్ను ఎగిరిందంటే మంచం కిందా బీరువా కిందా వెతుకులాటే, మళ్ళీ కొనాలంటే పొడవుతో పాటు మందం కూడా కుదరాలి.

ఇదంతా ఎందుకు, కొట్టులోనే కోయించుకుందామంటే అదీ మంచి మార్గమే, ముఖ్యంగా ఖరీదైన బెల్టు అయితే. కొట్టులో పనిముట్లు ఉంటాయి, చేయి వణకదు. కాని కొట్టులో తొందర ఉంటుంది, పైగా ఏసీ చల్లదనంలో మన మణికట్టు కూడా అబద్ధం చెబుతుంది. మా ఊళ్ళో పాత వాచీల మెకానిక్కు ఒకాయన ఉన్నాడు, కంటికి బిగించిన భూతద్దం తీయకుండానే మాట్లాడతాడు. రెండోసారి కొన్న బెల్టును ఆయన చేత కోయిస్తూ, ఇంకొక గాటు తీసేయమని నేను తొందరపెడితే, “వద్దు అబ్బయ్యా, నాలుగు దినాలు పెట్టుకోని తిరుగు. అప్పటికీ వదులుగా ఉంటే నువ్వు మళ్ళా రా, ఒక గాటుకు నేనేం డబ్బులడగను” అన్నాడు. నాలుగు రోజుల తరువాత వెళ్ళవలసిన పని పడలేదు.

ఇప్పటికే ఎక్కువ కోసేసినవారికి మిగిలిన దారులు కొన్నే. ముందు లాకు పక్క రంధ్రాలు చూడండి, పిన్ను చివరి రంధ్రంలోకి జరిపితే ఊపిరి ఆడవచ్చు. అదే వెడల్పున్న, ఎక్కువ రంధ్రాలున్న లాకు దొరికితే బెల్టు మార్చకుండా లాకు ఒక్కటే మార్చుకోవచ్చు. కొన్ని రకాల బెల్టులకు ఒక వైపు ముక్కను విడిగా అమ్ముతారు. అటువంటప్పుడు రెండు వైపులా కాకుండా ఒక వైపు ముక్క కొంటే సరిపోతుంది. అవేవీ కుదరకపోతే మీకంటే సన్నని మణికట్టు ఉన్నవారు ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు. నా మొదటి బెల్టు అలాగే మా చెల్లెలి చేతికి చేరింది, ఆమెకు అది వేసవిలో కూడా ఇంకా ఒక వేలు వదులే.